ఆ 40 పేజీలు ఊరికే గీసివ్వకు, చెల్లె

ప్రశ్న: అక్కా, మాది పరకాల. నాకు 26 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని, జీతం 14 వేలు. చిన్నప్పటి నుంచి పిల్లల కథలు రాసుకుని వాటికి నేనే బొమ్మలు వేసుకుంటాను. ఉద్యోగం మానేసి పిల్లల పుస్తకాలు, కామిక్స్ మీదే బతకాలని ఉంది. మా బాపు మాత్రం "బొమ్మలేసుకుంటే బువ్వెట్ల దొరుకుతది, గ్రూప్స్‌కు కోచింగ్ తీసుకో" అంటున్నాడు. సంబంధాలు కూడా చూస్తున్నారు. ఈమధ్య ఒక ప్రచురణకర్త ఫోన్ చేసి, 40 పేజీల కామిక్ పూర్తిగా రంగుల్లో వేసి పంపమన్నారు. నచ్చితే అచ్చేస్తారట, డబ్బుల సంగతి తర్వాత అట. వేసి పంపాలా? హైదరాబాద్ వెళ్లిపోవాలా? మన తెలంగాణ మాటలో రాస్తే ఎవరైనా వేస్తారా? మీ రోజు ఎలా గడుస్తుంది? నా మేకపిల్ల కథ రఫ్ పేజీలు జత చేశాను. చూసి చెప్పండి.
– పేరు వద్దు, పరకాల

సమాధానం: చెల్లె, నువ్వు అక్కా అన్నావు కాబట్టి నేనూ నువ్వనే రాస్తున్నా. నీ ప్రశ్నల్లో వెంటనే తేల్చాల్సింది ఒకటే. ఆ 40 పేజీలు వేయకు.

లెక్క చూడు. కామిక్ పేజీ ఒకటి అంటే పెన్సిల్, ఇంకు, రంగు, అక్షరాలు. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న నాకే ఒక్కో పేజీకి నిండుగా రెండు రోజులు పడుతుంది. నీకు బడి అయిపోయాక దొరికేది రెండు గంటలో, రెండున్నర గంటలో. ఆ లెక్కన 40 పేజీలకు తొమ్మిది నెలలు దాటుతాయి. అంతా అయ్యాక "బాగానే ఉందమ్మా, కానీ మాకు సరిపడదు" అన్నారనుకో, ఏం చేస్తావు? మేస్త్రీ పనితనం చూడ్డానికి ఇల్లు మొత్తం కట్టి చూపించమని ఎవరూ అడగరు కదా, అంతకుముందు కట్టిన గోడ చూస్తారు.

వాళ్లకు మర్యాదగానే ఇలా చెప్పు. కథ మొత్తాన్నీ వేలెడు సైజు రఫ్ బొమ్మల్లో పంపుతాను, అందులో రెండు పేజీలు మాత్రం పూర్తి రంగుల్లో వేసి చూపిస్తాను, నచ్చితే కాగితం రాసుకుందాం అను. డబ్బు మూడు వాయిదాల్లో అడుగు. పని మొదలుపెట్టే ముందు ఒకటి, రఫ్‌లు ఓకే అయ్యాక ఒకటి, ఫైళ్లు చేతికిచ్చేటప్పుడు మిగిలింది. సరైన ప్రచురణకర్త దీనికి నొచ్చుకోడు. నొచ్చుకున్నాడంటే నీ తొమ్మిది నెలలు నీకు మిగిలాయనుకో.

నా రెండో పుస్తకం అప్పుడు ఈ మాట చెప్పేవాళ్లు నాకు లేరు. నోటిమాట మీద 24 పేజీలు వేశాను. అట్ట బొమ్మ నాలుగుసార్లు మార్పించారు. మొదట సూర్యుడు వద్దన్నారు, ఆఖరికి సూర్యుడే కావాలన్నారు. పుస్తకం అచ్చయ్యాక డబ్బు సంగతి ఎత్తితే "మీ పేరు పడింది కదమ్మా" అన్నారు. అది రెండో ముద్రణకు వెళ్లిందని కూడా నాకు ఒక బడి లైబ్రరీలో చూశాకే తెలిసింది. అడగడానికి నా చేతిలో చీటీ ముక్క కూడా లేదు.

అందుకే చట్టం సంగతి కాస్త తెలుసుకుని ఉండు. కాపీరైట్ చట్టం 1957 నాటిది. నువ్వు రాసిన కథ రాసిన క్షణం నుంచే నీది, రిజిస్టర్ చేయించకపోయినా నీదే. నువ్వు బతికున్నంత కాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. బొమ్మల దగ్గరకొచ్చేసరికి ఒక మెలిక ఉంది. ఎవరైనా డబ్బిచ్చి చిత్రం వేయించుకుంటే, వేరే ఒప్పందం ఏదీ లేని పక్షంలో దాని హక్కు వేయించుకున్నవాళ్లదే అవుతుంది. అంటే రాతకోతలు లేకపోతే రాసినవాళ్ల కంటే గీసినవాళ్లే ఎక్కువ నష్టపోతారు. హక్కులు ఇంకొకరికి రాసివ్వడం కాగితం మీద, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎంత కాలానికో రాయకపోతే అయిదేళ్లు, ఎక్కడి వరకో రాయకపోతే మన దేశం వరకు అని చట్టమే చెబుతుంది. కాబట్టి ఒప్పందంలో "సర్వహక్కులు శాశ్వతంగా" అన్న మాట కనబడిందంటే అక్కడ ఆగు. "ఈ పుస్తకానికి, తెలుగులో, ఇన్నేళ్లకు" అని మార్పించు. అన్నట్టు, ఉద్యోగంలో భాగంగా బడి కోసం వేసేవి బడికే చెందుతాయి. మేకపిల్లను ఇంట్లోనే, నీ కాగితాల మీదే గీసుకో.

ఇక ఉద్యోగం. ఇప్పుడైతే మానకు.

తెలుగులో పిల్లల పుస్తకం సాధారణంగా వెయ్యి కాపీలు వేస్తారు. ధర 60 రూపాయలు, రాయల్టీ పది శాతం అనుకుందాం. వెయ్యీ అమ్ముడుపోతే వచ్చేది 6 వేలు. రాసేవాళ్లు వేరు, గీసేవాళ్లు వేరు అయితే అందులో సగం. అదీ ఒక్కసారిగా రాదు, రెండు మూడేళ్లలో చుక్క చుక్కగా వస్తుంది. ఇప్పుడు నీ జీతం పక్కన పెట్టి చూసుకో. మరి మేమంతా ఎలా బతుకుతున్నాం అంటావా? వేరేవాళ్ల పుస్తకాలకు పేజీకి ఇంత అని బొమ్మలు వేస్తాం. బడుల్లో వర్క్‌షాపులు, స్వచ్ఛంద సంస్థల పోస్టర్లు, ఆరోగ్య శాఖ వాళ్ల కరపత్రాల్లాంటి పనులు పడతాం. ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు తెలుగు చేస్తాం. నా ఇంటి కిరాయి కట్టింది నా సొంత కథలు కావు, చేతులు కడుక్కోవడం మీద వేసిన ఒక ఫ్లిప్‌చార్ట్. ఆ ఏడాదంతా సబ్బులే గీశాను.

చందమామ రోజులు వేరు. శంకర్ గారు 1952లో అందులో చేరి విక్రముడినీ బేతాళుడినీ దశాబ్దాల పాటు గీశారు. చిత్రకారులకు ఒక ఆఫీసు, ఒక కుర్చీ, నెల తిరిగితే జీతం ఉన్న కాలం అది. ఇప్పుడు ఆ పత్రికే లేదు. మనకు మనమే ఆఫీసు, మనమే గుమాస్తా. బిల్లు మనమే రాయాలి, రాకపోతే ఫోన్ చేసి మనమే అడగాలి. మొత్తం పెద్దదైతే పది శాతం పన్ను (టీడీఎస్) పట్టుకుని మిగతాది ఇస్తారు. పాన్ కార్డు ఇవ్వకపోతే 20 శాతం పోతుంది, కాబట్టి అది ముందే తీసి పెట్టుకో.

నేనైతే నీకు పెట్టే గడువు ఇది. చేతిలో ఒక పుస్తకం అచ్చయి, రెండో దానికి ఒప్పందం కుదిరి, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉన్న రోజున ఉద్యోగం మానడం గురించి ఆలోచించు. అప్పటిదాకా ఆ బడి నీకు జీతమిచ్చే చోటు మాత్రమే కాదు. ఎందుకో చెబుతాను.

భద్రకాళి చెరువు గట్టు మీద తప్పిపోయిన కుక్కపిల్ల కథ ఒకటి వేశాను. డమ్మీ తయారైంది. డమ్మీ అంటే ఏం లేదు, ఆరు కాగితాలు మధ్యకు మడిచి స్టేపుల్ కొడితే 24 పేజీలు. దాన్ని పట్టుకుని ఒక ప్రభుత్వ బడికి వెళ్లి రెండో తరగతి పిల్లలకు చదివాను. నవ్వాల్సిన చోట నవ్వారు, నాకు సంబరం. ఆఖర్న ముందు వరసలోని ఒక పిల్ల లేచి "మేడమ్, కుక్క మారిందా?" అంది. నాకు అర్థం కాలేదు. ఆమే వచ్చి పేజీలు తిప్పి చూపించింది. నాలుగో పేజీలో నలుపు ఎడమ చెవికి ఉంది, పదమూడో పేజీ నుంచి కుడి చెవికి వచ్చింది. కుక్కపిల్ల అటు తిరిగింది కాబట్టి చెవి కూడా అటు పోయిందని నా చేయి అనుకుంది. నేను చూడలేదు, ఎడిటర్ చూడలేదు, నలుగురు స్నేహితులు చూడలేదు. ఏడేళ్ల పిల్ల చూసింది. ఏడు పేజీలు మళ్లీ వేశాను. అప్పటి నుంచి ప్రతి పుస్తకానికీ పాత్రను ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి గీసి గోడకు అంటిస్తాను. నీకైతే అలాంటి పరీక్షకులు రోజూ ఉదయం తొమ్మిదికల్లా బెంచీల మీద సిద్ధంగా ఉంటారు. ఉద్యోగం మానితే వాళ్లను ఎక్కడ వెతుక్కుంటావు?

రోజు ఎలా గడుస్తుందని కూడా ఒక మాట అడిగావు. నా రోజులో సగానికి పైగా దిద్దుబాటే. పొద్దున అయిదున్నర నుంచి కూరగాయల బండి వచ్చేదాకా రాత. ఆ తర్వాత మధ్యాహ్నం వరకు బొమ్మలు. భోజనం అయ్యాక మెదడు పని చేయదు కాబట్టి మెయిళ్లు, బిల్లులు, స్కానింగ్. మెడ నొప్పి, వేళ్ల తిమ్మిరి మామూలే, గంటకోసారి లేచి నడువు. ఇంకోటి, మే నెలలో నీటి రంగుల జోలికి వెళ్లకు. మన ఎండలకు ఆకాశం సగం పూసేలోపే పై సగం ఆరిపోయి మధ్యలో గీత పడుతుంది. కూలర్ పెడితే కాగితం లేస్తుంది, ఆపితే నుదుటి మీది చెమట చుక్క సరిగ్గా హీరో ముక్కు మీద పడుతుంది. అందుకే ఎండాకాలం రఫ్‌లు, వానలు పడ్డాక రంగులు. డిజిటల్‌లో చేస్తానంటే మూడు నాలుగు వేల పెన్ టాబ్లెట్ చాలు, క్రిటా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. లక్ష రూపాయల స్క్రీన్ కోసం అప్పు చేయొద్దు.

కామిక్స్‌లో మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్షరాల దగ్గర. ఇంగ్లీషు కామిక్ చూసి మాటల బుడగ సైజు నేర్చుకుంటాం. ఆ బుడగలో తెలుగు పట్టదు. "తప్పించుకున్నాడు" అని రాసి చూడు, ఒక్క మాటే ఒక వరస తినేస్తుంది. పైన గుడులు, కింద ఒత్తులు. వరసల మధ్య చోటు లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిలో ఇరుక్కుంటుంది. నా మొదటి కామిక్‌లో బుడగ అంచు గీత ఆఖరి వరస ఒత్తులన్నింటినీ కోసేసింది. "అమ్మమ్మ" కాస్తా "అమమ" అయి కూర్చుంది. ఇప్పుడు ముందు మాట రాస్తాను, దాని చుట్టూ బుడగ గీస్తాను, మిగిలిన చోటులో మనిషిని నిలబెడతాను. నీ రఫ్‌లోనూ ఇదే తప్పు ఉంది. మనుషులు నిండుగా ఉన్నారు, మాటలకు చోటు లేదు. ఒక్కో బుడగలో ఏడెనిమిది మాటలు దాటనీయకు, రెండో తరగతి పిల్లలకైతే అదీ ఎక్కువే.

అచ్చుకు పంపేటప్పుడు ఇంకో చిక్కు. చాలామంది డీటీపీ వాళ్లు ఇప్పటికీ 'అను' అనే తెలుగు ఫాంట్లలో పని చేస్తారు, నువ్వు ఫోన్‌లో కొట్టేది యూనికోడ్. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు అక్కడక్కడ అక్షరాలు తారుమారవుతాయి. ఫోటోషాప్‌లో సెట్టింగ్ సరిగా లేకపోతే "కుక్క" విడిపోయి "కుక్‌క" అయిపోతుంది. అచ్చుకు వెళ్లే ముందు పీడీఎఫ్‌లో ప్రతి బుడగనూ పైకి చదువు. కంటితో చూస్తే చాలదు, మనసు తప్పును తనే దిద్దేసుకుని ముందుకు పోతుంది. బొమ్మ 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, రంగు పేజీ అంచు దాటి 3 మిల్లీమీటర్లు అదనంగా ఉండాలి. పేజీలు నాలుగు చొప్పున పెరుగుతాయి కాబట్టి 22 పేజీల కథ అని ఉండదు, 20 లేదా 24.

ఏఐ గురించి నువ్వు అడగలేదు కానీ ఆ పబ్లిషర్ ఎప్పుడో ఒకప్పుడు ఎత్తుతారు. పోయినసారి నాకు ఒకరు ఏఐతో చేయించిన బతుకమ్మ పండుగ బొమ్మ పంపి "కొంచెం సరిచేసివ్వండి చాలు, సగం డబ్బులిస్తాం" అన్నారు. మూడంతస్తుల పెళ్లి కేకు మీద గులాబీలు పేర్చినట్టుంది. తంగేడు లేదు, గునుగు లేదు. ఆడవాళ్లంతా దాని చుట్టూ దండం పెడుతూ నిలబడ్డారు, ఒక్కరి చేతులూ చప్పట్లకు కలవలేదు. సరిచేయడం కుదరదు, మొదటి నుంచి వేయాలని చెప్పి పూర్తి రేటే అడిగాను. రెండు వారాల తర్వాత ఒప్పుకున్నారు.

మన మాటలో రాస్తే వేస్తారా అంటే, వేస్తారు, నేను రాస్తున్నాను. నా పద్ధతి చెబుతాను, నచ్చితే తీసుకో. కథ చెప్పే వాక్యాలు అందరికీ తెలిసిన తెలుగులో, బుడగల్లో మాత్రం మనుషులు మాట్లాడినట్టే. నాయనమ్మ "గదేందిరా" అనే అంటుంది, "అదేమిటి నాయనా" అనదు. ఒక ఎడిటర్ "మక్క కంకి" కొట్టేసి "మొక్కజొన్న పొత్తు" అని రాశారు. పిల్లాడి చేతిలో కంకి ఇంత పెద్దగా గీసి ఉంది, నిప్పుల మీద కాలుతోంది, ఏ ఊరి పిల్లలకైనా అదేంటో తెలిసిపోతుందని చెప్పి వెనక్కి తెప్పించుకున్నాను. బొమ్మ అర్థం చెప్పే చోట మన మాట నిర్భయంగా వాడు. బొమ్మ సాయం లేని చోట, బయటివాళ్లకు అంతుపట్టని మాట నాలుగు వరసల్లో మూడుసార్లు వస్తే నేనే తగ్గిస్తాను.

హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. ఫైళ్లు మెయిల్లో పోతాయి, మనిషి కావాలంటే కాజీపేటలో రైలెక్కితే పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరొచ్చు. అక్కడి కిరాయికి నీ జీతం సరిపోదు. ఏటా చలికాలంలో జరిగే పుస్తక ప్రదర్శనకు మాత్రం తప్పకుండా వెళ్లు. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల స్టాళ్లలో పిల్లల పుస్తకాలు తిరగేసి, ఎవరు ఏ సైజులో, ఎన్ని పేజీల్లో, ఏ వయసు వాళ్లకు వేస్తున్నారో రాసుకో. నీ కథ ఎవరికి పంపాలో అక్కడే తేలుతుంది. అప్పటిదాకా ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా చదువుకో. ఒక్కటి గుర్తుంచుకో, అక్కడివి ఓపెన్ లైసెన్సు పుస్తకాలు. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. పేరు బాగా తిరుగుతుంది, రాయల్టీ మాత్రం ఉండదు. మేకపిల్లను అక్కడ పెట్టాలా వద్దా అన్నది తెలిసి తీసుకోవాల్సిన నిర్ణయం.

మీ బాపుతో వాదించకు. ఆయన అడిగేది న్యాయమైన ప్రశ్నే, నీ దగ్గర ఇంకా జవాబు లేదు, అంతే. ఒక నోట్‌బుక్ పెట్టి బొమ్మల మీద వచ్చిన ప్రతి రూపాయీ తేదీతో రాయి. మా నాయన నాతో ఆరేళ్లు ఈ విషయం మాట్లాడలేదు. ఒకరోజు నేను అలా రాసుకున్న నోట్‌బుక్ తిరగేసి "ఈ సబ్బుల పనికి ఇంతిచ్చిన్రా?" అన్నాడు. కోచింగ్ సంగతి నీ ఇష్టం, కానీ పగలు బడి, సాయంత్రం కోచింగ్, రాత్రి బొమ్మలు అంటే మూడూ చెడతాయి. పెళ్లి చూపుల్లో మాత్రం "టీచర్‌ని, పుస్తకాలకు బొమ్మలేస్తాను" అని రెండూ మొదటి రోజే చెప్పు. రాత్రి పదకొండింటికి లైటు వేసుకుని బల్ల దగ్గర కూర్చునే మనిషివని వాళ్లకు ముందే తెలియాలి.

ఇప్పుడు నీ మేకపిల్ల. చెప్పొద్దూ, పరకాల బస్టాండులో బస్సెక్కే ఆడ మేకపిల్లకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టాలా వద్దా అని కండక్టర్ తల గోక్కోవడం చూసి నేను గట్టిగానే నవ్వాను.  కానీ నువ్వా నవ్వును ముందే ఖర్చు పెట్టేశావు.

చేర్యాల ఎప్పుడైనా వెళ్లావా? 2016లో జిల్లాలు విడదీసినప్పుడు సిద్దిపేటలోకి పోయింది గానీ అంతకుముందు మన వరంగల్ జిల్లానే. జనగామ మీదుగా వెళ్లొచ్చు. ఒక ఆదివారం వెళ్లి నకాశీ చిత్రకారులు వేసిన కథల పటం విప్పించుకుని చూడు. గజం వెడల్పు గుడ్డ మీద ఎర్రటి నేపథ్యం, అడ్డ వరసలుగా బొమ్మలు. పాతకాలపు పటాలు 40 అడుగుల పైనే ఉండేవి. కథ చెప్పేవాళ్లు దాన్ని ఒక్కసారిగా పరిచేయరు. ఒక వరస విప్పుతారు, కథ చెబుతారు, పాడతారు, జనం మెడలు చాచాక ఇంకో వరస విప్పుతారు. రాబోయే బొమ్మ చుట్టలోనే ఉంటుంది. మన కామిక్‌లో ఆ చుట్ట పని చేసేది పేజీ తిప్పడం.

పుస్తకంలో బేసి పేజీ కుడి పక్కన వస్తుంది. నువ్వు మేకపిల్ల బస్సెక్కడం పదో పేజీలో వేశావు, కండక్టర్ తల గోక్కోవడం పదకొండులో. తెరవగానే రెండూ ఒకేసారి కనబడతాయి, పిల్లల కన్ను ముందు కండక్టర్ మీదే పడుతుంది. ఆయన్ని పన్నెండో పేజీకి జరుపు. పదకొండులో టికెట్ మిషన్ పట్టుకున్న చేయి, దాని ఎదురుగా మేకపిల్ల ముక్కు, అంతే ఉండనివ్వు, మాట కూడా వద్దు. పన్నెండు, పదమూడు కలిపి ఒకే పెద్ద బొమ్మ చేయి. బస్సంతా వెనక్కి తిరిగి చూస్తుండాలి. చివరి సీటులో గడ్డిమోపు పెట్టుకుని కూర్చున్న ముసలామెను నువ్వు ఇరవయ్యో పేజీలో తెచ్చావు, ఆమెను ఇక్కడే ఒక మూలకు దాచిపెట్టు. మీ రెండో తరగతి వాళ్లకు చదివినప్పుడు ఆమెను ఎవరు ముందు పట్టుకున్నారో నాకు రాయి.